పెంకు మీద పేరు

పంటు దిగి, కుచ్చిళ్లు ఎగదోపి,
మోకాలి లోతు నీళ్లలో బడికి నడిచే ఆగస్టు.
తొమ్మిదో తరగతి. పాఠం: ప్రాచీన గ్రీసు.
"కొండలెక్కువ, సాగునేల తక్కువ" అని బోర్డు మీద రాసి
వెనక్కి తిరిగాను.
పద్దెనిమిది జతల కళ్లు.
అందులో కొండని చూసిన జత ఒక్కటీ లేదు.

ఈ లంకలో రాయి పుట్టదు.
రుబ్బురోలు దగ్గర్నుంచి హద్దురాయి దాకా
పడవెక్కి వచ్చిన చుట్టాలే.
గునపం దింపితే ఒండ్రు,
దాని కింద ఒండ్రు,
దాని కింద, ఏ కొండ ఒళ్లు అరిగి వచ్చిందో
తనకే గుర్తులేని ఒండ్రు.

తల తుడుచుకున్న తువ్వాలు బల్ల మీద పరిచి
రెండు చేతులా దగ్గరికి నెట్టాను.
మడతలు లేచాయి.
"ఇవి కొండలు. ఈ సందులో ఒక ఊరు, ఆ సందులో ఇంకో ఊరు.
నడిచెళ్లడం కష్టం, పడవెక్కడం తేలిక.
అందుకే ఏ ఊరికా ఊరే రాజ్యం.
మన్ను పలచన. బార్లీ అంతంతమాత్రం.
ఆలివ్ చెట్టుకి మాత్రం ఆ రాతినేలే ఇష్టం.
నూనె జాడీలు ఓడకెత్తి గోధుమలు తెచ్చుకునేవాళ్లు."

"మా నాన్న కాయలు రాజోలు పంపి
బియ్యం తెచ్చినట్టాండి?" అన్నాడు చింతా వరభాస్కర్.
ఆయ్, అలాగే అన్నాను, సగమే అలాగని తెలిసీ.
మనకి నేల పెట్టింది, కూర్చున్నాం.
వాళ్లకి పెట్టలేదు, లేచారు.
ఈ ముక్క నోట్సులో రాయిద్దామనుకునేలోపు
వెనక బెంచీలోంచి ఓలేటి నూకరత్నం:
"మేం కూర్చోలేదండి.
మా తాతకి సెంటు భూమి లేదు, సముద్రమే చేను.
అంటే మేం గ్రీకులమాండి?"

క్లాసంతా నవ్వింది.
నేను సుద్దముక్క కోసం వెతికాను, చేతిలోనే ఉంది.

మర్నాడు ఆట.
ఏథెన్సులో ఒక పద్ధతి ఉండేది.
ఊరికి ఎవడు ప్రమాదమనిపిస్తే వాడి పేరు
కుండపెంకు మీద గీకి వేసేవాళ్లు.
చాలినన్ని పడ్డాయా,
పదేళ్లు ఊరు విడిచి పోవాల్సిందే.
పెంకులకేం కొదవ?
మొన్నటి వరదకి కూలిన వంటపాక గుమ్మం ముందే ఉంది.

మేకులతో గీశారు. బకెట్లో వేశారు.
నా పేరు ఉంటుందేమోనని కొంచెం భయం.

ఒకటి: ఇసుక లారీ.
ఒకటి: లెక్కల మాస్టారు.
ఒకటి ఖాళీ.
మిగతా పదిహేనూ గోదారి.
ఒకదాని మీద 'గోదరి', దీర్ఘం మరిచిపోయి.

ఎందుకని అడగక్కర్లేదు.
నిరుడు కబడ్డీ గీత గీసిన చోట
కిటికీలోంచి చూస్తే ఎర్రనీళ్లు.
వరభాస్కర్ వాళ్ల పన్నెండు చెట్లు
గెలలతో సహా ఒక్క రాత్రిలో జారిపోయాయి.

"పంపేస్తే ఒండ్రెవరు తెస్తారు?" ఒకరు.
"తెచ్చింది తెచ్చినట్టే పట్టుకుపోయేదానికి
తేవడం ఎందుకంట?" ఇంకొకరు.
"పదేళ్లు చాలవు!"
"నీళ్లు మీ అమ్మ ఎక్కణ్ణుంచి తోడుద్దిరా?"
బెల్లు కొట్టినా ఆగలేదు.
ఆ రాతి ఊళ్ల సంతబయలు
ఇంత గోలగానూ ఉండి ఉంటుంది,
ఇంత చిన్నగానూ.

ఖాళీ పెంకు ఎవరిదో అడగలేదు.

సాయంత్రం రేవులో
మగపిల్లలు నాలుగైదు పెంకులు నీళ్ల మీదికి విసిరారు.
'గోదారి' గోదారి మీద మూడు గంతులేసి మునిగింది.
మిగతావి నూకరత్నం ఒళ్లో ఉన్నాయి.
కోసుకుపోయిన గట్టు మొదట్లో చతికిలబడి
ఒక్కొక్కటీ మట్టిలోకి అదుముతోంది,
రాసిన వైపు లోపలికి.

"ఏం చేస్తున్నావే?"

"రాయి లేదు గదండీ మనకి."

పంటు కూత వేసింది.
చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాను.